ఏ మాట ఎవరి పక్కన?

ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజన్ వంటల కోసం మొదలైందని తెలిసిన రోజు నాకు పండగే అయింది. షే బానన్ అనే ప్రోగ్రామర్ భార్య వంట నేర్చుకోవడానికి లండన్‌లోని ల కార్డన్ బ్లూలో చేరింది. వెంట వెళ్ళిన ఆయనకు అప్పుడు ఉద్యోగం లేదు. ఆమె వంటకాలు వెతుక్కోవడానికని ఒక ప్రోగ్రాం మొదలుపెట్టాడు. ఆ పనిలోంచి 2004లో కంపాస్, 2010లో ఎలాస్టిక్‌సెర్చ్ వచ్చాయి.

వంటకమంటేనే పెట్టెలో పెట్టె. పులిహోర ఒక పెట్టె, అందులో దినుసులు, ఒక్కో దినుసుకూ పేరు, కొలత. చింతపండు 50 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు అని రాశామనుకోండి. మామూలు పద్ధతిలో ఈ ఇంజన్ పేర్లన్నీ ఒక కుప్ప, కొలతలన్నీ ఒక కుప్ప పోస్తుంది. ‘ఉప్పు 50 గ్రాములు’ పడే వంటకమేదని అడిగితే మన పులిహోరనే తెచ్చి చూపిస్తుంది. ఉప్పూ ఉంది, 50 కూడా ఉంది. ఏది దేనికి చెందిందన్న సంగతే చెరిగిపోయింది. దీనికి విరుగుడు ‘నెస్టెడ్’ పద్ధతి. ప్రతి దినుసునూ విడి పత్రంగా దాచి, వాటి చివర వంటకం అనే తల్లి పత్రాన్ని ఉంచుతారు. వంద దినుసులుంటే లోపల 101 పత్రాలన్నమాట.

ఈ చిక్కు కంప్యూటర్లకన్నా చాలా పాతది. కాత్యాయనుడి పేరున ఉన్న ఋగ్వేద సర్వానుక్రమణి ప్రతి సూక్తానికీ మొదటి మాటలు, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెబుతుంది. ఒకే సూక్తంలో దేవతో ఛందస్సో మారితే, ఏ ఋక్కు దగ్గర మారిందో కూడా చెబుతుంది. సూత్రాల్లాంటి పొట్టి వాక్యాల్లోనే ఇంత జాగ్రత్త!

నా మనసు మాత్రం 1230ల నాటి పారిస్‌లో చిక్కుకుపోయింది. అక్కడి సెయింట్ జాక్ మఠంలో హ్యూ అనే డొమినికన్ సన్యాసి ఆధ్వర్యంలో బైబిల్ మాటలకు అకారాది సూచిక తయారైంది. ఐదు వందల మంది పనిచేశారని చెప్పుకుంటారు. చేతిరాత పుస్తకాల్లో ఒక ప్రతి పుటకూ మరో ప్రతి పుటకూ పొంతన ఉండదు. అధ్యాయాలున్నాయి గానీ నేటి వచన సంఖ్యలు రావడానికి 16వ శతాబ్దం దాకా ఆగాలి. అందుకని వాళ్ళు ప్రతి అధ్యాయాన్నీ మనసులోనే ఏడు ముక్కలు చేసి ఎ నుంచి జి దాకా అక్షరాలిచ్చారు. పుస్తకంలో గీత గీయలేదు, గుర్తు పెట్టలేదు. ‘డి’ అంటే అధ్యాయం నడిమి భాగమని పాఠకుడు కంటితో అంచనా కట్టుకోవాలి. గ్రంథం, అధ్యాయం, అక్షరం: ఏ ఊళ్ళో ఏ ప్రతి తీసినా చెల్లే చిరునామా అది.

అయితే ఆ సూచికలో మాటకు చిరునామాయే తప్ప చుట్టూ ఉన్న వాక్యం లేదు. తరచుగా వచ్చే మాటకైతే వరసగా చిరునామాలే, కావలసినదేదో తెలియదు. తర్వాత అదే మఠంలో ఆంగ్లేయ సన్యాసులు నిండు వాక్యాలతో రెండో సూచిక చేస్తే అది మోయలేనంత పెరిగింది. వాక్యాన్ని కొద్ది మాటలకు కుదించిన మూడోది నిలిచింది. మొదటిదాని చిత్తుప్రతుల ఆకులు కొన్ని తర్వాతి పుస్తకాల అట్టల్లో అతుకులుగా మిగిలాయి. హ్యూ పేరు చరిత్రలో ఉంది. ఆ ఆకులు రాసిన చేతులకు పేర్లు లేకుండా పోయాయి. అది నాకు బాధగానే ఉంటుంది.

ఆపైన శతాబ్దాలు దాటి 1966కు వస్తే, అపోలో నౌక విడిభాగాల పట్టిక కోసం ఐబీఎం మొదలుపెట్టిన ఐఎంఎస్ అనే డేటాబేస్ కనిపిస్తుంది. భాగంలో భాగం, అందులో మరో భాగం. 1998లో పెట్టెలో పెట్టెగా సమాచారం రాసే ఎక్స్‌ఎంఎల్, 1999లో డగ్ కటింగ్ రాసిన లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ వచ్చాయి. ఎలాస్టిక్‌సెర్చ్‌కు పునాది ఆ లూసీనే. తల్లీపిల్లల పత్రాలను ఒకచోట పేర్చే ఏర్పాటు దానిలోకి 2011లో చేరింది. సులువు కోసం మొదట పొందికను వదిలేయడం, తర్వాత రెట్టింపు శ్రమతో వెనక్కి తెచ్చుకోవడం ఒకటికి రెండుసార్లు జరిగింది.

తెలుగు గ్రంథాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నవారికి నా మనవి ఇది. ‘అరణ్యపర్వం, కవులు: నన్నయ, ఎర్రన’ అని రాసి ఊరుకుంటే ఏ పద్యం ఎవరిదో యంత్రానికి తెలియదు. నాలుగో ఆశ్వాసం 142వ పద్యం దాకా నన్నయది, ఆ తర్వాతది ఎర్రనది. ప్రతి పద్యానికీ దాని కవినీ, ఛందస్సునూ, ఆశ్వాసాన్నీ పక్కనే కట్టి ఉంచండి.