ఆగడానికయ్యే ఖర్చు

స్పోర్ట్స్ కారును గురించి వ్రాసేవారు సాధారణంగా దాని వేగాన్ని గురించే వ్రాస్తారు. ఎన్ని అశ్వాల శక్తి, ఎన్ని సెకండ్లలో నూరు కిలోమీటర్లు అందుకుంటుంది, ఇవే లెక్కలు. ఆ వేగాన్ని అణచే ఇనుప పళ్లెమూ, దానిని ఒరుసుకొని అరిగిపోయే అరచేతి పాటి ప్యాడూ ఎవరి వర్ణనకూ నోచుకోవు. బిల్లు చేతికి వచ్చిన రోజున యజమానికి మాత్రం తప్పక గుర్తుకు వస్తాయి. ఆ బిల్లు తగ్గించుకోవడమెలా అన్న ప్రశ్న వెంట చరిత్రలోకి వెళ్లిన నాకు, బ్రేకు కథ చాలావరకు పొదుపు కథేనని తోచింది. అయితే ఆ పొదుపు రెండు రకాలు. ఒకటి ఆలోచనతో చేసినది. రెండవది ఇతరుల ప్రాణాల మీద చేసినది.

ముందుగా చిన్న లెక్క. 1200 కిలోల కారు గంటకు 200 కి.మీ. వేగంతో పోతున్నదనుకుందాం. దానిని పూర్తిగా ఆపినప్పుడు బ్రేకులలో పుట్టే వేడి సుమారు ఐదున్నర లీటర్ల చన్నీళ్లను మరిగే స్థితికి తేగలదు. అదే కారు 100 కి.మీ. వేగంలో ఉంటే ఆ వేడి నాలుగవ వంతే. వేగం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు. స్పోర్ట్స్ కారు బ్రేకుల చరిత్ర అంతా ఈ వేడిని ఎక్కడ పారబోయాలన్న సమస్యకు వెదికిన సమాధానాలే.

మొదటి సమాధానం బండివాళ్లది. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండదారులలో దిగేటప్పుడు బండివాళ్లు పాత బూట్ల తోలును చక్రానికి అదిమి బండిని నిలిపేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన మెరుగైన ఒరిపిడి పదార్థాల కోసం ప్రయోగాలు మొదలుపెట్టి, 1897లో ఒక వ్యాపారం స్థాపించాడని చెబుతారు. ఫెరోడో అన్న పేరు ఆయన ఇంటిపేరులోని అక్షరాలను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని తొలి అక్షరాన్ని కలిపి కూర్చినదే. మొదట జిగురు పట్టించిన నూలునేత వాడాడు. అది వేడికి మాడిపోతుండగా, 1908 ప్రాంతంలో ఆస్బెస్టాస్‌ను, అంటే రాతినారను, ఆశ్రయించాడు. చవక, మన్నిక, వేడికి చలించని గుణం, మూడూ ఒకేచోట దొరికాయి. దాని సంగతి మళ్లీ చెబుతాను.

1902లోనే లూయీ రెనో డ్రమ్ము బ్రేకును తీర్చిదిద్దాడు. అదే సంవత్సరం బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. లాంచెస్టర్ వాడిన రాగి ప్యాడ్లు చెవులు చిల్లులు పడేలా కీచుమనేవి. లోకం డ్రమ్మునే వరించింది. డ్రమ్ములోని దోషం అది మూసిన గిన్నె కావడం. లోపలి వేడి బయటికి పోదు. కొండ దిగుతూ పదేపదే తొక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూ నుండి దూరం జరుగుతుంది, లైనింగు పట్టు సడలుతుంది. కాలికింద పెడలు ఉంటుంది, బ్రేకు ఉండదు.

ఈ చిక్కుముడిని విప్పినవారు జాగ్వార్, డన్‌లప్ సంస్థల ఇంజనీర్లు. విమానాలలో అప్పటికే నలిగిన డిస్కును వారు పందెపు కారుకు తెచ్చారు. 1952లో రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ డిస్కు బ్రేకులున్న సి-టైప్‌తో గెలిచాడు. మరుసటి ఏడు లె మాన్స్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ గెలిచినప్పుడు వారి సగటు వేగం గంటకు సుమారు 170 కి.మీ. ఆ పందెంలో సగటు 100 మైళ్లు దాటడం అదే మొదలు. ఇతరులకంటె ఆలస్యంగా బ్రేకు తొక్కగలగడం వారికి పెద్ద బలమయింది.

ఆగగలిగే శక్తిలోని ఆ తేడా 1955లో మరొక రూపం చూపింది. అదే లె మాన్స్‌లో డిస్కులున్న జాగ్వార్ డి-టైప్ పిట్ వైపు మళ్లుతూ వేగం తగ్గించింది. వెనుకనున్న ఆస్టిన్-హీలీ పక్కకు తప్పుకున్నది. దానిని ఢీకొన్న మెర్సిడెస్ ప్రేక్షకుల మీదికి ఎగిరింది. 80 మందికి పైగా మరణించారు. ఆ మెర్సిడెస్‌కు ఉన్నవి డ్రమ్ములు, వాటికి తోడు డ్రైవరు వెనుక పైకి లేచే గాలి బ్రేకు. ఇరుకైన దారి, పిట్ అమరిక వంటి కారణాలు కూడా ఉన్నందున నేరాన్ని ఒక్క బ్రేకు మీద మోపడం న్యాయం కాదు. అయినా ఒకే బాటమీద పరుగెత్తే బండ్లు వేరువేరు దూరాలలో ఆగితే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది.

డిస్కు గెలుపులో అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. అది యజమానికి పొదుపు కూడా. డ్రమ్ము విప్పి, షూ తీసి, రివెట్లు ఊడబెరికి కొత్త లైనింగు వేయవలసిన చోట, రెండు పిన్నులు లాగి ప్యాడ్లు మార్చితే సరిపోయింది. అరుగుదల చక్రం సందులోంచే కనబడింది. 1956లో ట్రయంఫ్ టి.ఆర్.3 ముందు చక్రాలకూ, 1962లో ఎం.జి.బి. ముందు చక్రాలకూ డిస్కులు వచ్చాయి. ఎం.జి.బి. జాతి కార్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అంతమంది వాడే విడిభాగం ఖరీదు కాజాలదు. కనుక పాత స్పోర్ట్స్ కారు కొనేవారికి చరిత్ర చెప్పే మొదటి పాఠం ఇది: బ్రేకు ఖర్చు కారు కొనే రోజునే నిర్ణయమైపోతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ 1996 నాటి లోటస్ ఎలీజ్. తొలి కార్లకు అల్యూమినియం మిశ్రమంతో చేసిన తేలికైన డిస్కులు అమర్చారు. అవి అరగడమే అరుదు. కాని సరఫరా ఆగిపోయింది. లోటస్ పోత ఇనుముకు మళ్లింది. పాతవి పాడైనవారు కూడా ఇనుపవే బిగించుకొని, వాటికి తగ్గ ప్యాడ్లు మార్చుకోవలసి వచ్చింది. 2001లో పోర్షె 911 జి.టి.2తో వచ్చిన సెరామిక్ డిస్కులు ఇనుపవాటిలో సగం బరువే, ధర మాత్రం ఎన్నో రెట్లు. పందెపు బాటమీద తిప్పేవారిలో చాలామంది వాటిని విప్పి భద్రపరచి ఇనుపవి వేసుకుంటారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నమాట.

ఇక రాతినార సంగతి. లైనింగు అరిగి రాలిన దుమ్మును షెడ్డులలో గాలిగొట్టంతో ఊదేవారు. ఆ పొడి పీల్చినవారికీ, కర్మాగారాలలో ఆ నారను చేతులతో పట్టినవారికీ ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి, క్యాన్సర్, దశాబ్దాల తరువాత బయటపడ్డాయి. బ్రిటన్ 1999లో దానిని నిషేధించింది. అమెరికా పర్యావరణ సంస్థ విడిగా అమ్మే బ్రేకు లైనింగులతో సహా తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది 2024లో. శతాబ్దం పాటు కారు యజమానులు మిగుల్చుకున్న సొమ్ముకు చెల్లింపు వారు చేయలేదు. ముఖానికి గుడ్డయినా లేని మెకానిక్కు చేశాడు.

ఇంతకూ పొదుపు ఎక్కడ చేయాలి? కాలిపర్ బిగుసుకుంటే మొత్తం పారవేయనక్కరలేదు. చాలా కార్లకు రబ్బరు సీళ్ల కిట్టు దొరుకుతుంది. ప్యాడు జారే పిన్నులకు తగిన గ్రీజు పట్టిస్తే రెండు ప్యాడ్లూ సమంగా అరుగుతాయి. డిస్కు మీద చెక్కిన కనీస మందం వరకు దానిని నిర్భయంగా వాడుకోవచ్చు. అది దాటితే ఒక్క రోజూ కాదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వద్ద మరగాలి. నాలుగు శాతానికి దగ్గరగా నీరు చేరితే ఆ హద్దు 155కు దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు నేలకు తాకుతుంది. రెండేళ్లకొక సీసా మార్చడం సెట్టు డిస్కుల ధరలో చిన్న భాగమే. పేరు లేని చవక ప్యాడ్లు మాత్రం కొండనాలుకకు మందు వేయించుకొని ఉన్న నాలుక పోగొట్టుకోవడమే. అన్నిటికంటె పెద్ద పొదుపు పైన చెప్పిన లెక్కలోనే ఉంది: మలుపుకు ముందే కాలు తీసినవాడికి ప్యాడ్లు ఎక్కువకాలం నిలుస్తాయి.

బ్రేకు మీద మిగిల్చే ప్రతి రూపాయికీ ఒక ప్రశ్న వేసుకోవాలనిపిస్తుంది. ఇది నా తెలివివల్ల మిగిలిందా, లేక మరొకడి ఖాతాలో వ్రాసిందా? మొదటిదైతే నిశ్చింతగా జేబులో వేసుకోవచ్చు.