కార్డు వెనకవైపు

పాత పోస్టుకార్డులు పోగేసే షౌఖ్ నాకు అమెరికా వల్ల పట్టుకుంది. షికాగోలో ఉండే మా మామూ కొడుకు నేలకొండపల్లి వచ్చినప్పుడల్లా అక్కడి పాత సామాన్ల సంతలో కొన్న కార్డులు ఓ కట్ట తెస్తాడు. రూట్ 66 పక్కన మోటెళ్లు, పెట్రోలు బంకులు, వెనక రెక్కలు మొలిచినట్టుండే క్యాడిలాక్ కార్లు. ఊరి పేరును లావుపాటి అక్షరాల్లో రాసి, ఒక్కో అక్షరంలో ఒక్కో బొమ్మ ఇరికించిన కార్డులు కూడా ఉంటాయి. వాటిలో చాలావరకు షికాగోలోనే కర్ట్ టైక్ అనే కంపెనీ అచ్చేసినవి. ఆ కార్డుల మీద చిన్న నంబరు ఉంటుంది. అంకె పక్కన 'ఎ' ఉంటే 1930ల నాటిది, 'బి' ఉంటే 1940లు, 'సి' ఉంటే 1950లు. 5ఎ అంటే 1935 అన్నమాట. రాసినవాడు తారీఖు వేయకపోయినా కార్డు ఉమర్ తెలిసిపోతుంది. ఆ కంపెనీ కాగితాలన్నీ ఇప్పుడు షికాగోలోని న్యూబెరీ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

మన ఇళ్లలోని కార్డులకు అంత నసీబ్ లేదు.

పోస్టుకార్డు అనేది మొదట పుట్టింది ఆస్ట్రియా-హంగరీలో, 1869 అక్టోబరు 1న. అంతకు కొద్ది రోజుల ముందే, అదే ఏడాది సెప్టెంబరులో, హైదరాబాద్ రియాసత్ తన మొదటి స్టాంపు తెచ్చింది. అంగ్రేజీ ఇలాఖాలో కార్డు 1879 జులై 1న పావు అణాకు మొదలైంది. నిజాం సర్కారుకు సొంత డాక్‌ఖానాలు, సొంత స్టాంపులు, సొంత సిక్కా ఉండేవి. 1950 ఏప్రిల్ 1తో ఆ స్టాంపుల చలామణీ ఖతం అయింది.

మా ఊరివాళ్లకు ఇందులో ఒక విచిత్రం ఉంది. కంచర్ల గోపన్న పుట్టింది నేలకొండపల్లిలో, తహసీల్దారుగా వెళ్లింది భద్రాచలం. తానీషా జమానాలో రెండూ ఒకే హుకూమత్ కింద ఉన్నవే. కానీ 1860లో నిజాం గోదావరి అవతలి భద్రాచలం తాలూకాను అంగ్రేజులకు ఇచ్చేశాడు. నిజాం స్టాంపు రియాసత్ సరిహద్దు దాటితే చెల్లదు. అంటే మా ఊరి నుంచి రామదాసు గుడి ఉన్న ఊరికి ఖైరియత్ రాయాలంటే అంగ్రేజీ స్టాంపు కావాలి. ఔరంగాబాద్‌కు రాయాలంటే మాత్రం అక్కర్లేదు! భద్రాచలం మళ్లీ మన ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో.

ఇప్పుడు తారీఖుల గొడవ. నా దగ్గరున్న ఓ చార్మినార్ కార్డు వెనక ఉర్దూలో '23 షహ్రేవర్ 1346' అని ఉంది. అమ్మినాయన దాన్ని హిజ్రీ అనుకుని, 1927 నాటి కార్డని చెప్పాడు. షహ్రేవర్ హిజ్రీ నెల కాదు, ఫస్లీ నెల. రియాసత్‌లో దఫ్తర్లన్నీ ఫస్లీ మీదే నడిచేవి. ఏడాది అక్టోబరులో ఆజర్‌తో మొదలై సెప్టెంబరులో ఆబాన్‌తో ముగుస్తుంది. ఫస్లీకి 590 కలపాలి, జనవరి దాటిన నెలలైతే 591. అంటే ఈ ఖత్ 1937 జులై నాటిది. దాని మీది స్టాంపూ గవాహీ ఇస్తోంది: 1937 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ సిల్వర్ జూబ్లీకి వేసిన నాలుగింటిలో ఒకటది. యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, యూనివర్సిటీ, జూబ్లీ హాల్, ఇవీ ఆ నాలుగు బొమ్మలు. 1927లో రాసిన కార్డు మీదికి ఆ స్టాంపు ఎలా వస్తుంది?

బజారులో ధర పలికేది చార్మినార్ బొమ్మకే. వెనక ఉర్దూ ఉంటే 'ఖరాబైన కార్డు' అని తగ్గించి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. నాకది ఫాయిదాయే అనుకోండి. కానీ నేను బొమ్మ కోసం కొనడం మానేసి చాలా ఏళ్లయింది. చార్మినార్ ఇంకా అక్కడే ఉంది, వెళ్లి చూడొచ్చు. 1937లో ఓ మామూలు ఖాందాన్ ఏం తిన్నది, ఎవరికి బాకీ పడింది, ఏ బిడ్డకు బుఖార్ వచ్చింది అన్నది వెనకవైపు తప్ప ఇంకెక్కడా లేదు.

అలాంటి కార్డులు మన దగ్గర ఎందుకింత తక్కువ? చెదలు, వాన అని చెప్పుకుంటాం. అసలు వజహ్ మన అదబ్. ఉర్దూ రాత కనబడితే చాలు, కాళ్ల కింద పడకూడదని మూటగట్టి చెరువులోనో బావిలోనో వదిలేస్తాం, లేదంటే పాతిపెడతాం. మా నానీ ఒక రంజాన్‌కు ముందు ఇల్లు సర్దుతూ సందూక్‌లోని ఖత్‌లన్నీ అలాగే నీళ్లలో కలిపేసింది. ఆమె నియ్యత్‌ను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పాక్ కలామ్ ఉన్న కాగితానికి అలా చేయడమే అదబ్.

కానీ ఆ కార్డులు రాసినవాళ్లు కూడా మనకన్నా తక్కువ అదబ్ ఉన్నవాళ్లేం కాదు కదా. కార్డు నలుగురి చేతుల్లో పడుతుందనీ, సంచుల్లో నలుగుతుందనీ వాళ్లకు తెలుసు. అందుకే బిస్మిల్లా రాయకుండా పైన 786 వేసి ఊరుకునేవాళ్లు. (ఆ అంకె మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్ ఇక్కడ వద్దు.) కాగితం ఎక్కడ పడినా బేఅదబీ కాకుండా వాళ్లే బందోబస్తు చేసి పెట్టారు. మనం ఆ అంకెను చూసే కార్డును నీళ్లపాలు చేస్తున్నాం.

ఇంకో సంగతి, మా పిల్లలకు ఉర్దూ మాట వచ్చు, రాత రాదు. తెలుగు మీడియంలో చదివిన నాదీ అంతంతమాత్రమే. షికస్తా రాత ఫటాఫట్ చదివే కళ్లు మా ఖాందాన్‌లో ఇప్పుడు అమ్మీవి మాత్రమే, వాటికీ మోతియా వచ్చింది. అందుకని మొన్న ఈద్‌కు అందరం కూడినప్పుడు ఆ 1346 కార్డు ఆమె ముందు పెట్టాను. పిల్లవాడు ఫోన్‌లో రికార్డు చేశాడు.

సలాం, దువా, వానలు ఆలస్యం, చెల్లెలి మంగ్నీ ఖాయం. తరవాత ఫలానాది అమ్మాం, పైసలు పంపుతున్నాం అని ఉంది. ఆ ఫలానా మాట దగ్గరే ఆగిపోయాం. రాసినాయన తొందరలో నుఖ్తాలు పెట్టలేదు. కింద ఒక నుఖ్తా అనుకుంటే 'బైల్', ఎద్దు. పైన రెండు అనుకుంటే 'తేల్', నూనె. అమ్మీ ఎద్దే అంటుంది, చెల్లెలి పెళ్లికి ఎద్దును అమ్ముకున్నారని. ఇమామ్ సాబ్ తేల్ అన్నారు. కార్డు మళ్లీ అమ్మీ దగ్గరే ఉంది, ఆపరేషన్ అయ్యాక ఇంకోసారి చూస్తానంది.