ప్రేమ నవలంటే అంత చులకనా?

2016లో వచ్చిన 'అ ఆ' సినిమా చూసే ఉంటారు. ఆ కథకి మూలం యద్దనపూడి సులోచనారాణి రాసిన 'మీనా' నవల. అదే నవలని విజయనిర్మల 1973లోనే సినిమాగా తీశారు. అంటే రెండు తరాలకి నచ్చిన కథ. కానీ సాహిత్యం అనగానే ఇలాంటి నవలల్ని "ఆడవాళ్ళ కాలక్షేపం" అని ఒక్క మాటతో తీసిపారేస్తారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఈరోజు చూద్దాం.

ముందు మన విజయనగరం వెళ్దాం. 1910లో గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' కథ 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. సానుల పాటల మోజులో పడ్డ గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భార్య కమలిని కనపడదు, ఆమె రాసిన ఉత్తరం ఉంటుంది. అంతే, మనిషి గిలగిల్లాడిపోతాడు. దీన్ని అందరూ సంస్కరణ కథ అంటారు, నిజమే. కానీ లోపలున్న విషయం ఏంటి? చదువుకున్న ఆడది భర్త దగ్గర ప్రేమతో పాటు గౌరవం కూడా కోరుకోవడం.

ఇక 1960లకి రండి. ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగాల్లోకి వస్తున్న రోజులు. యద్దనపూడి 'సెక్రటరీ'లో జయంతి సంపాదించుకుని బతికే అమ్మాయి. డబ్బున్న రాజశేఖరం అంటే ఇష్టమే, కానీ ఆ ఇష్టం కోసం ఆత్మాభిమానం వదులుకోదు. చూశారా, కమలిని అడిగిందే జయంతీ అడుగుతోంది. కాకపోతే ఒకదాన్ని సాహిత్యం అన్నాం, రెండోదాన్ని కాలక్షేపం అన్నాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కారు, మేడ ఉన్న హీరోలే ఎక్కువ. పొలంలో కూలికెళ్ళే ఆడదానికి ఆ ప్రేమకథల్లో చోటు తక్కువ. ఆ విమర్శ చెయ్యాల్సిందే. కానీ చదివి చెయ్యాలి.

ఆ చదవడానికి పుస్తకాలు మిగలాలి కదా? ఇక్కడే మన శ్రీకాకుళం గొప్పతనం ఉంది. కారా మేష్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, 'యజ్ఞం' లాంటి గట్టి కథ రాసిన మనిషి. ఆయన 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టారు. గొప్ప కథలే కాదు, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. ముందు దాచాలి, మంచీచెడూ తర్వాత తేల్చుకోవచ్చు.

ప్రేమ నవలలకీ ఆ న్యాయమే జరగాలి. ఒక తరం ఆడవాళ్ళు ఎలాంటి జీవితం కోరుకున్నారో వాటిలో ఉంది. ఈ వీడియో అయ్యాక మీ అమ్మనో, మామ్మనో ఒక్క మాట అడగండి: "నీ వయసులో ఏ నవల చదివావ్?" అని. ఆ పుస్తకం ఇంకా అటక మీద ఉంటే, పాత పేపర్లతో పాటు తూకానికి మాత్రం వెయ్యకండి. ఉంటాను.