నాణెం నుంచి నాణ్యత
‘నాసిరకం నాణ్యత’ అని రాసేవాళ్లు ఆ మాట పుట్టుకను మరిచినట్టే. సంస్కృత ‘నాణకం’ తెలుగులో నాణెమైంది. నాణ్యం దాని తోబుట్టువు, ‘త’ పైన తగిలించింది. నాణకాన్ని కుషాణుల నాణేలపై కనిపించే ‘ననా’ దేవతతో కొందరు పండితులు ముడిపెడతారు, అది ఊహే. గట్టి ఆధారం యాజ్ఞవల్క్యస్మృతిది: మంచి నాణేన్ని చెడ్డదని, చెడ్డదాన్ని మంచిదని చెప్పిన నాణకపరీక్షకుడికి అక్కడ శిక్ష ఉంది. అంటే పరీక్షకు నిలిచిందే నాణ్యం. అందులో నాసి ఇమడదు. పరీక్ష లోహానికి గదా, కాగితపు నోటుకు నాణ్యమేమిటని అడగవచ్చు. కానీ ‘చెల్లని కాసు’ అనే మాటలో తూకం ఊసే లేదు. పుచ్చుకునేవాడు లేకపోవడమే దాని లోపం. 2016 నవంబరు 8 అర్ధరాత్రి పాత 500, 1000 రూపాయల నోట్లు చెల్లకుండా పోయినప్పుడు కాగితం, సిరా, నీటిగుర్తు ఏవీ చెడలేదు.