బురుజు కూలింది, చింత నిలిచింది

1908 మూసీ వరదలో నూటయాభై ప్రాణాలు మోసిన అఫ్జల్‌గంజ్ చెట్టు కథ. ఆ జాతి చెట్టును రైతు పొలంలోకి తేవడానికి ఉద్యాన శాస్త్రవేత్తలు పడుతున్న పాట్ల కథ.

1908 సెప్టెంబరు 27, ఆదివారం. హైదరాబాదు మీద పట్టిన వాన వదల్లేదు. ఎగువన శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు కురిసింది. 48 గంటలు తిరిగేసరికి ఆ లెక్క 18.9 అంగుళాలకు చేరింది. ఏడాదంతా పడాల్సిన వానలో సగానికి పైగా రెండు రోజుల్లోనే కుమ్మరించిందన్నమాట.

ఈసీ, మూసీ పరీవాహకంలో అప్పట్లో 788 చెరువులుండేవి. ఒకదాని అలుగు పారితే ఇంకోదాని కడుపు నిండే గొలుసుకట్టు అది. మంచి రోజుల్లో ఊళ్లకు అన్నం పెట్టిన ఆ గొలుసే ఆ రాత్రి పట్నం మెడకు చుట్టుకుంది. పై చెరువు కట్ట తెగి కింది చెరువు మీద పడింది. అదీ తెగి మరోదాని మీద పడింది. అలా 221 చెరువులు తెగి, ఆ నీళ్లన్నీ మూసీ దారినే పట్నంలోకి వచ్చాయి.

28, సోమవారం. నది గట్టు దాటింది. సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహమని ఇంజనీర్లు తర్వాత లెక్క కట్టారు. అఫ్జల్ పుల్, ముసల్లం జంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ వరద దెబ్బకు ఆగలేకపోయాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపుల్ ఒక్కటే నిలిచింది. కోల్సావాడి లాంటి పేటలకు పేటలే తుడిచిపెట్టుకుపోయాయి.

నదికి ఉత్తరపు గట్టునే అఫ్జల్‌గంజ్. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన ధాన్యపు బజారు. పక్కనే 1866 నుంచి నడుస్తున్న ఆసుపత్రి, దాని తోట, తోటలో ఒక చింతచెట్టు.

నీళ్లు మోకాళ్లు దాటి నడుముకు వచ్చినప్పుడు మనిషి కళ్లు ఎత్తైన చోటు కోసమే వెతుకుతాయి. నదికి అవతలి గట్టున కొందరికి పేట్లబుర్జు కనిపించింది. రాతి కట్టడం, కోటగోడ బురుజు, అంతకన్నా గట్టి ఆసరా ఏముంటుంది? వందలమంది ఎక్కారు. వరద పునాదిని కోసేసింది. బురుజు మనుషులతో సహా నీళ్లలోకి ఒరిగిపోయిందని ఆనాటి కథనాలు చెబుతాయి.

ఇవతల అఫ్జల్‌గంజ్ తోటలో జనానికి చిక్కింది చింతకొమ్మ. పిల్లల్ని ముందు పైకి అందించి ఉంటారు. చీరలు, తలపాగాలు విప్పి ఒకరినొకరు కొమ్మలకు కట్టుకుని ఉంటారు. చింత మాను కరుకు, పట్టు దొరుకుతుంది, కానీ తడిసిన బెరడు మీద పాదం జారుతుంది. కింద ఇళ్ల దూలాలు, పశువుల కళేబరాలు కొట్టుకొస్తూ మానుకు తగిలిన ప్రతిసారీ పై కొమ్మ దాకా అదురు పాకి ఉంటుంది. గంటల తరబడి అలాగే వేలాడారు. నీళ్లు తీశాక దిగినవాళ్లు సుమారు 150 మంది.

ఆ వరదలో చనిపోయినవాళ్లు దాదాపు 15 వేలమంది. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్కరోజే తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు.

ఇంజనీర్లు నదికి జవాబు చెప్పారు

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువనే వరదను పట్టి ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధికి ప్రత్యేకంగా బోర్డు ఏర్పడింది. కొట్టుకుపోయిన ఆసుపత్రి చోట విన్సెంట్ ఎష్ నమూనాతో ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

చింతచెట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని అఫ్జల్ పార్కులో దాన్ని ఇప్పటికీ చూడొచ్చు. ఏటా సెప్టెంబరు 28న నగరాభిమానులు దాని కింద చేరి వరద మృతులకు నివాళి అర్పిస్తారు. ఎన్ని దండలు వేసినా, రెండు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. రాతి బురుజు కూలినచోట చెట్టు ఎలా ఆగింది? ఆగిన ఆ చెట్టును మనం మళ్లీ మొలిపించగలమా?

మొదటిదానికి జవాబు మట్టిలో ఉంది. విత్తు పడ్డచోటే మొలిచిన చింతకు తల్లివేరు నిట్టనిలువుగా లోతుకు దిగుతుంది, పక్కవేర్లు చుట్టూ విశాలంగా పాకుతాయి. కలప బరువైనది, గట్టిది. మన ఊళ్లలో గానుగలకు, రోకళ్లకు చింతచేవనే వెతికేవారు. కొమ్మ మాత్రం అంత తేలిగ్గా విరగదు, వంగుతుంది. పెనుగాలులు వీచే ద్వీపాల్లో కూడా చింతకు తుపానును తట్టుకునే చెట్టని పేరుంది. ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ల కిందటే మన నేలకు వచ్చిన చెట్టు, వానలేని చోటా బతుకుతుంది, వరద మీద పడ్డా నిలుస్తుంది.

రెండో ప్రశ్నే చిక్కు.

గింజ తల్లిని మోయదు

ఆ చెట్టు కింద రాలిన చింతపిక్క ఏరుకొచ్చి నాటామనుకోండి. మొలిచేది దాని బిడ్డే తప్ప అదే చెట్టు కాదు. పసుప్పచ్చ రేకుల మీద ఎర్ర గీతలున్న ఆ చిన్న పువ్వులు వేసవిలో పూస్తాయి. ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు చేర్చేది తేనెటీగలు. అందుకే ఒకే చెట్టు గింజల్లోంచి తీపి కలిసిన పులుపు, నాలుక చురుక్కుమనే పులుపు, లావు కాయ, పీచు కాయ, అన్నీ వస్తాయి. పైగా గింజమొక్క కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. ఇన్ని అనుమానాలున్న పంటకు రైతు నేల ఎందుకిస్తాడు? రోడ్డు వారన, చెరువు కట్ట మీద, పంచాయతీ వేలంపాటలో మిగిలిపోయిందంటే అదే కారణం.

చింతపండు లేనిదే మాత్రం మన పొయ్యి వెలగదు. అఫ్జల్‌గంజ్ నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే బేగంబజారులో మూటలకు మూటలు దిగుతాయి. ఖట్టీ దాల్, బగారా బైంగన్, మిర్చీకా సాలన్ దానిమీదే ఆధారపడ్డాయి. ఎండాకాలం వస్తే చిగురు గోష్త్ అయినా, చింతచిగురు పప్పు అయినా ఆ లేత ఆకు పడాల్సిందే. హిందూపురం మార్కెట్‌లో కరిపులి రకానికో ధర, ఫ్లవర్ రకానికో ధర పలుకుతుంది. వ్యాపారి వేలికొసల మధ్య పండు నలిపి పీచెంతో, గుజ్జెంతో చెప్పేస్తాడు. ఆ తేడా చెట్టులోనే ఉందని అతనికి తెలుసు.

శాస్త్రవేత్తలు పని మొదలుపెట్టిందీ అక్కడే. చింతకాయను విడదీస్తే సుమారు 55 శాతం గుజ్జు, 34 శాతం గింజ, మిగిలిన 11 శాతం పెంకూ పీచూ. గుజ్జు వాటా పెరగాలి, పీచు తగ్గాలి, ఏటేటా కాయాలి, త్వరగా కాపుకు రావాలి. అలాంటి చెట్టును కొత్తగా పుట్టించడం కన్నా ఊళ్లలో ఉన్నవాటిలోంచి ఏరడం దగ్గరి దారి. అందుకే ఊరూరా తిరిగి మంచి పేరున్న చెట్లను గుర్తుపెట్టుకుంటారు. ఒక్క ఏడు కాపు చూసి మెచ్చుకుంటే మోసపోతారు కాబట్టి వరసగా కొన్నేళ్లు కాయలు తూస్తారు. ఆ తర్వాత అసలు పరీక్ష. ఆ చెట్ల కొమ్మల్ని అంటుకట్టి, అన్నింటినీ ఒకే మడిలో నాటి చూస్తారు. గొప్పతనం చెట్టుదా, అది నిలబడ్డ నేలదా అన్నది అప్పుడే తేలుతుంది.

అలా ఏరినవాటిలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పి.కె.ఎం-1 అందరికీ తెలిసింది. ఎండపులి అనే స్థానిక రకంలోంచి పెరియకుళంలో ఎంపిక చేశారు. చెట్టుకు 263 కిలోల దిగుబడి అని విశ్వవిద్యాలయం లెక్క. ఒకప్పటి నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాదు పండ్ల పరిశోధన కేంద్రం 'ప్రతిష్ఠాన్' రకాన్ని తెచ్చింది. డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పనిచేసే అనంతపురం పరిశోధన కేంద్రం 'తెట్టు అమలిక'ను, గుజ్జు ఎర్రగా ఉండే 'అనంత రుధిర'ను ఇచ్చింది. ఆ ఎరుపు సహజమైన రంగు. జాముల్లో, పానీయాల్లో కృత్రిమ రంగు కలపాల్సిన పని తప్పుతుంది. ఎండకు మాడే రాయలసీమ ఎర్రనేలలో ఈ పని జరగడం యాదృచ్ఛికం కాదు. బోరు ఎండినా నిలిచే పంట అక్కడి రైతుకే ఎక్కువ అవసరం.

కత్తి, పాలిథిన్ పట్టీ

అంటు కట్టేవాడి చేతులు చూడాలి. మెచ్చిన చెట్టు నుంచి పెన్సిలంత మందం పుల్లను ఎంచుకుంటాడు. కోయడానికి వారం, పది రోజుల ముందే దాని ఆకులు తుంచేసి తొడిమలు వదిలేస్తాడు. ఆ రోజుల్లో మొగ్గలు ఉబ్బుతాయి. కింద వేరునిచ్చే గింజమొక్క, అంటే వేరుమొక్క, అదే మందానికి వచ్చాక దాని తల నరికి, నడిమధ్య నిలువుగా చీలుస్తాడు. పుల్ల మొదలును రెండు పక్కలా చెక్కి మేకులా చేసి ఆ చీలికలో దించుతాడు. బెరడుకు బెరడు ఒరుసుకోవాలి, బెరడు కింది పచ్చపొర పచ్చపొరకు తగలాలి. వెంట్రుకంత పక్కకు జరిగినా అతకదు. పాలిథిన్ పట్టీతో బిగించి, పైన సన్నటి సంచి తొడుగుతాడు. అతికితే మూడు వారాల్లోపే చిగురు సంచిని తడుముతుంది.

పుల్లకు ముదురు చెట్టు వయసు ఉంటుంది కనక అంటుమొక్క నాలుగైదేళ్లకే కాస్తుంది. గుణమూ మారదు. పదేళ్ల అనుమానం పోయి చింత కూడా మామిడిలా లెక్కకు దొరికే తోటపంట అవుతుంది. పది మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు వంద చెట్లు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. అంటు కొమ్మనే తెస్తుంది, వేరును తేదు. అఫ్జల్‌గంజ్ చెట్టు పుల్ల తెచ్చి ఇంకో మొక్కకు కడితే దాని కలప, కొమ్మ వంగే గుణం, కాయ అన్నీ వస్తాయి. 1908లో మట్టిని పట్టుకున్న ఆ వేరు మాత్రం రాదు. నర్సరీ సంచిలో పెరిగిన వేరుమొక్కకు తల్లివేరు అడుగున చుట్టలు తిరుగుతుంది. తీసి నాటేటప్పుడు తెగుతుంది కూడా. కాపు బాగానే ఉండొచ్చు, పట్టు తగ్గుతుంది.

దీనికీ ఉద్యాన శాస్త్రం దగ్గర ఉపాయముంది. మెట్ట తోటలకు శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి, పొలంలోనే అంటు కట్టడం. గుంత తవ్వి రెండు, మూడు గింజలు అక్కడే విత్తాలి. తొలకరి వానకు మొలిచినవాటిలో బలమైనదాన్ని ఉంచాలి. దాని వేరు అడ్డం లేకుండా కిందికి దిగుతుంది. కాండం పెన్సిలు మందానికి వచ్చాక, ఉన్నచోటే తల కోసి మెచ్చిన చెట్టు పుల్ల కట్టాలి. అప్పుడు వేరు గింజది, కాపు ఎంచుకున్న చెట్టుది. దిగుబడి కోసం నిలకడను అమ్ముకోనక్కరలేదు. అంటు కట్టే మనిషి పొలానికి నడిచి రావాలి, రైతు మరో ఏడాది ఓపిక పట్టాలి. అదే దాని ఖర్చు.

ఇంకా జరగాల్సింది

పరిశోధన కేంద్రాలు ఇంతవరకు చెట్లను ఎంచింది గుజ్జు చూసి, తూకం చూసి. అది న్యాయమే, రైతు బతికేది దానిమీదే. అయితే వానలు లెక్క తప్పుతున్న ఈ రోజుల్లో నిలబడే గుణానికి కూడా మార్కులు వేయాలి. అందుకు అఫ్జల్‌గంజ్ చెట్టును మించిన అభ్యర్థి ఏది? వరద పరీక్ష ఎప్పుడో నెగ్గింది. మిగిలింది దాని కాయను తూచడం, గుజ్జును కొలవడం, పుల్లలు తీసి అంటు కట్టడం.

పట్నానికి దగ్గర్లోనే, సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ పేరిట తెలంగాణకు సొంత ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రానికి మామిడిలో, జామలో కొత్త రకాలు తెచ్చిన అనుభవముంది. పెన్సిలు మందం పుల్లలు ఓ ఇరవై తీసుకుంటే ఆ మహావృక్షానికి నొప్పి తెలియదు. రకంగా పనికొస్తే రైతుకు వెళ్తుంది. దిగుబడిలో వెనకబడితే విశ్వవిద్యాలయం తోటలో జన్యు సంపదగా ఉంటుంది. ఎటు చూసినా నష్టం లేదు. చెట్టు ఎంత గట్టిదైనా పిడుగుకో, పుచ్చుకో, మనిషి గొడ్డలికో ఒకరోజు లొంగుతుంది. ఆ రోజు వచ్చాక పుల్ల కోసుకోవడానికి ఏమీ మిగలదు. సెప్టెంబరు 28 నివాళికి వచ్చేవాళ్లు ఈసారి పూలదండతో పాటు అంటు కట్టే మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని రావాలి.