పది కొట్టేలోగా ఇంటికి

ఐస్‌లాండ్‌కి మద్యనిషేధం కొత్తేమీ కాదు. 1915లోనే సీసాలకు తాళం వేసిన దేశమది. ఆ తాళం ఎన్నాళ్లో నిలవలేదు. మా వైన్ కొనకపోతే మీ ఉప్పుచేపలు మాకొద్దని స్పెయిన్ మెలిక పెట్టింది. చేపలమ్ముకుని బతికే దేశం ఏం చేస్తుంది? 1922లో వైన్‌కు తలుపు తీసింది. 1935లో ఘాటు మద్యాలూ వచ్చేశాయి. బీరు మీద నిషేధం మాత్రం, విచిత్రంగా, 1989 మార్చి 1 దాకా సాగింది. విస్కీ తాగొచ్చు, బీరు తాగకూడదు! జనం ఊరుకుంటారా? మత్తులేని పల్చటి బీరులో వోడ్కా కలుపుకున్నారు.

సీసాకు కాసిన కాపలా పిల్లలకు అక్కరకు రాలేదు. 1998లో పదిహేను, పదహారేళ్ల వాళ్లలో 42 శాతం మంది ఆ ముందు నెలలో మత్తెక్కేదాకా తాగామన్నారు. రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 శాతం. మత్తు వల్ల వచ్చే అనర్థాల గురించి బళ్లలో పాఠాలు చెబుతూనే ఉన్నారు. పిల్లలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు.

దారి చూపింది ఓ ప్రశ్నాపత్రం. 1992లో దేశమంతటా 14 నుంచి 16 ఏళ్ల విద్యార్థుల చేత దాన్ని నింపించారు. ఎప్పుడైనా తాగావా? అమ్మానాన్నలతో ఎంతసేపు గడుపుతావు? 1995లో, 1997లో మళ్లీ అడిగారు. ఇంగా డోరా సిగ్‌ఫూస్‌డాటిర్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు జవాబుల్ని జల్లెడ పట్టారు. వారానికి మూడు నాలుగుసార్లు ఆటకు పోయేవాళ్లు, ఇంట్లోవాళ్లతో ఎక్కువసేపు ఉండేవాళ్లు, పొద్దుపోయాక వీధిలో కనిపించనివాళ్లు మత్తు జోలికి తక్కువగా పోతున్నారని తేలింది.

దాంతో చూపు సాయంత్రాల మీదికి మళ్లింది. పన్నెండేళ్ల వరకు పిల్లలు చలికాలంలో రాత్రి ఎనిమిది తర్వాత, పదమూడు నుంచి పదహారేళ్ల వాళ్లు పది తర్వాత పెద్దల తోడు లేకుండా బయట తిరగకూడదన్నది చట్టం. ఈ రెండో వయసువాళ్లు ఆటల నుంచో, బడి కార్యక్రమం నుంచో ఇంటికి వస్తుంటే మినహాయింపు. వేసవిలో మరో రెండు గంటల వెసులుబాటు. దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరమని మన పెద్దవాళ్లు చెప్పినట్టు అక్కడ చెప్పడం కుదరదు మరి, జూన్‌లో అర్ధరాత్రి కూడా వెలుతురే! ఆ వేళలు అచ్చువేసిన అయస్కాంత బిళ్లలు ఫ్రిజ్‌లకు అంటించుకోమని ఇంటింటికీ పంచారు. వారాంతపు రాత్రుల్లో తల్లిదండ్రులే జట్లుగా వీధులు తిరిగారు. ఇంట్లో కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదు కాబట్టి, 2007 నుంచి రాజధాని రేక్యవిక్ నగరపాలిక ఆటపాటల ఫీజుల కోసం ప్రతి పిల్లవాడికీ ఏటా కొంత సొమ్ము ఇస్తోంది.

2016 నాటికి ఆ 42 శాతం 5కి, 23 శాతం 3కి దిగాయి. ఘనతంతా ఐస్‌లాండ్ పద్ధతికే కట్టబెట్టలేం. ఆ ఏళ్లలో యూరప్‌లో చాలాచోట్ల కుర్రకారు తాగుడు తగ్గింది. ఇంతగా తగ్గిన దేశాలు మాత్రం అరుదు.

ప్రశ్నాపత్రాలు నేటికీ బళ్లకు వెళ్తూనే ఉన్నాయి. వాటిలో ఇప్పుడు ఈ-సిగరెట్ల గురించీ అడుగుతున్నారు.