మడి పొరల్లో సూక్ష్మజీవుల చరిత్ర

సూక్ష్మజీవుల పొత్తులూ పోట్లాటలూ అవి ఉండే చోటును బట్టి మారతాయన్న ఎరుకకు 1978లో కాస్టర్టన్ బృందం జిగురు పొరల గురించి రాసిన వ్యాసాన్ని, 1981 నాటి చావో, లెవిన్‌ల ప్రయోగాన్ని మొదలుగా చెబుతుంటారు. రెండోది గొప్ప ప్రయోగమే. విషం విడిచే ఇ.కోలై బాక్టీరియా కొద్ది సంఖ్యలో ఉంటే, ఆ విషానికి లొంగే తోటి ఇ.కోలై మీద కలియబెట్టిన ద్రవంలో నెగ్గలేకపోయింది. మెత్తని అగర్‌లో నెగ్గింది. కానీ ఈ చరిత్రలో వరి మడికి చోటు లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

లీవెన్‌హుక్ 1683లోనే పంటిపాచిలో కలిసి ఉన్న సూక్ష్మజీవులను చూశాడు. 1881లో కోచ్ ఒక్కో జాతినీ విడదీసి పెంచే పద్ధతి చూపాడు. దాంతో రోగాల గుట్టు తెలిసింది, జీవుల ఇరుగుపొరుగు మరుగున పడింది.

ఆ ఇరుగుపొరుగు వరి మడిలో కనిపిస్తుంది. మెదక్ జిల్లా రామాయంపేట చెరువు కింద దమ్ము చేసిన మడిలో కాలు పెడితే బుడగలు లేస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. ఇలాంటి బుడగలనే కోయంబత్తూరులో శాస్త్రవేత్తలు హారిసన్, సుబ్రహ్మణ్య అయ్యర్ 1913 నుంచి వరసగా పరిశీలించారు. అడుగు బురదలో మీథేన్ పుడుతోంది. మట్టి పైనున్న పలచని పొరలోని జీవులు దాన్ని వాడుకుంటున్నాయి, అక్కడే ప్రాణవాయువూ పుడుతోంది. వేళ్ళకు గాలి ముఖ్యంగా ఆ పొర నుంచే అందుతుందన్న వారి నిర్ణయం మాత్రం నిలవలేదు. వరి తన కాండంలోని గాలి సందుల గుండా దాన్ని కిందికి దింపుకుంటుందని తరవాత తేలింది. పోటీ, సహకారం అన్న లెక్కల్లోనూ వాళ్ళు ఆలోచించలేదు. అయినా ఒకరు విడిచింది మరొకరికి తిండి కావాలంటే వరి మడిలో ఎవరు ఏ పొరలో ఉండాలో చూపింది వాళ్ళే.

ఆ దారిని జపాన్‌లో షియోయిరి అనే మట్టి శాస్త్రవేత్త పొలం దాకా తెచ్చాడు. కొన్ని మిల్లీమీటర్ల పైపొరలో అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. అది గాలి ఆడని కింది పొరకు జారగానే అక్కడి బాక్టీరియా దాన్ని నత్రజని వాయువు చేసి వదిలేస్తాయి. అందుకే నత్రజని ఎరువును బురద లోపలికి పెట్టమన్నారు. మన దగ్గర యూరియా ఇంకా నీళ్ళ మీదే చల్లుతున్నారు.

నేటి మట్టి సూక్ష్మజీవుల పరిశోధనలు ఎక్కువగా మట్టిని కలిపి, జల్లించి, డీఎన్ఏ తీసి, జాతుల జాబితా ఇస్తున్నాయి. ఎవరున్నారో తెలుస్తోంది, ఎవరి పక్కన ఎవరున్నారో చెరిగిపోతోంది. భాస్వరం, పొటాష్ కొలవడానికి కలిపిన మట్టి చాలు. ఇరుగుపొరుగును తెలుసుకోవడానికి చాలదు. మన వ్యవసాయ పరిశోధకులు మెదక్ మడుల్లో పైపొర, అడుగు బురద, వేరు చుట్టూ మట్టి వేర్వేరుగా తీసి చూడాలని కోరుతున్నాను.